తీసేసిన కాగితాలు

ఒంటిపూట బడి వదిలాక కూడా గోద ఇంటికి వెళ్లలేదు. ఐదో తరగతి గదిలో బెంచీలు దగ్గరికి జరుపుకుని, వాటి మీద పిల్లల ఫైళ్లు పేర్చుకుని, ఒక్కోదాని తాడు విప్పుతోంది. జూన్‌లో బడి తెరిచిన వారం నుంచి పిల్లలు రాసినవీ గీసినవీ కొట్టేసి మళ్లీ రాసినవీ అన్నీ అందులో ఉన్నాయి. స్కూలు కాగితాల్లో వాటి పేరు పోర్ట్‌ఫోలియో. పిల్లలు మాత్రం ‘నా ఫైలు’ అంటారు. శనివారం ఎవరి ఫైలు వాళ్లకిస్తే నేల మీద బోర్లా పడుకుని పాత కాగితాలు తిప్పుకుంటారు. “అయ్యో, నేను ‘అ’ గిట్ల రాస్తుంటినా!” అని పక్కవాళ్లకు చూపించుకుని నవ్వుకుంటారు.

ఆ అలవాటు చేసింది గోదే. ఇప్పుడు ఆ పాత కాగితాలనే తీసేస్తోంది.

పొద్దున ప్రిన్సిపాల్ శ్రీపాద తరగతికి వచ్చి, పైనున్న ఫైలు తెరిచి, రెండు కాగితాలు చూసి మూసేశాడు.

“రేపు హెడ్డాఫీసు నుంచి దీక్షిత్ సార్ వస్తుండు. ఇవి చూపెడితే మన ఇజ్జత్ ఏం గావాలె మేడమ్?”

“అవి జూన్‌ల రాసినవి సార్. అప్పటికి, ఇప్పటికి ఎంత తేడా వచ్చిందో తెల్వాలనే కదా పెట్టింది.”

“తేడా మనకు తెలుసు. ఆయన పైపైన చూసి పోతడు. కొట్టివేతలున్నవి, ఎర్రింకు మస్తుగ ఉన్నవి తీసెయ్యుండ్రి.” పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగాడు. “కోఆర్డినేటర్ పోస్టుకు మీ పేరు పంపింది నేను. ఆయన మీ పిల్లల ఫైళ్లు చూసే మిమ్మల్ని చూస్తడు. గది యాదిల పెట్టుకోండ్రి.”

లాల్‌దర్వాజా సందుల్లోని ఈ బడి ఒక ట్రస్టుది. ఆ ట్రస్టుకు నగరంలో మరికొన్ని బడులున్నాయి. కోఆర్డినేటర్ అయితే ప్రైమరీ తరగతులన్నీ చూసుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఏటా వేసవిలో ‘వచ్చే ఏడు ఉద్యోగంలో ఉంటామో లేదో’ అనే ఫికర్ ఉండదు. ఆ పోస్టు కోసం గోద తన ఫైలు కూడా తయారుచేసుకుంది. పాఠాల ప్రణాళికలు, శిక్షణ సర్టిఫికెట్లు, పిల్లలతో చేయించిన పనుల ఫోటోలు. నీలం అట్ట వేసి ఇంట్లో బీరువాలో పెట్టింది.

మొదట్లో ఒక్కో కాగితం దగ్గర ఆగింది. పిన్ను ఊడదీసేటప్పుడు మూల చిరగకుండా గోటితో మెల్లగా లేపింది. సగం ఫైళ్లయ్యాక చెయ్యి అలవాటు పడింది. ఎర్రింకు కనిపిస్తే చాలు, తీసి పక్కన పడేసింది.

షిఫా ఫైలు దగ్గర మళ్లీ చెయ్యి ఆగింది. షిఫా జూన్‌లో ఉర్దూ మీడియం బడి నుంచి వచ్చింది. ‘మా ఇంటి గురించి ఐదు వాక్యాలు రాయండి’ అంటే, ఆ పిల్ల పుస్తకం వెనక నుంచి తెరిచి, ఒక ఇల్లు గీసి, దాని కింద కుడి నుంచి ఎడమకు ఉర్దూలో తన పేరు రాసి ఇచ్చింది. తెలుగక్షరం ఒక్కటీ లేదు. ఆగస్టు కాగితంలో గుణింతాల్లేని అక్షరాలు, వాటి నిండా ఎర్రింకు. నవంబరులో వాక్యాలు వచ్చాయి, ఒత్తులు రాలేదు. ఒక్కోటి చూస్తూ గోద తీసేసింది. చివరికి మూడు కాగితాలు మిగిలాయి.

మనీష్ ఫైలు ఇంకా కష్టమైంది. ఆ పిల్లవాడు తరగతిలో నోరు విప్పడు. ఎవరైనా చూస్తుంటే పెన్సిలు కదపడు. కిటికీ పక్కన ఒక్కడే కూర్చున్నప్పుడు, గోద అటు తిరిగి బోర్డు తుడుస్తున్నప్పుడు రాస్తాడు. జూన్ కాగితంలో ‘పువ్వు’ అని ఒక్క మాట ఉంది. అదీ వంకరగా. జులైలో ఖాళీ కాగితం, దాని మూలన ఒక బంతిపువ్వు. తర్వాత రెండు మాటలు, ఒక వాక్యం, సగంలో ఆపేసిన ఇంకో వాక్యం. అన్నీ తీసేస్తే రెండే మిగిలాయి. చివరి దాంట్లో అమ్మ గురించి ఐదు వాక్యాలున్నాయి.

నాలుగో తరగతి టీచరు స్రవ్య గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఇంకా పోలేదా మేడమ్? నేనైతే మధ్యాహ్నమే ఏరేసిన.” కింద పడున్న కాగితాల మీద షిఫా, మనీష్ పేర్లు చూసి, “గీ పిల్లలవి గిన్ని తీసిండ్రేంది?” అంది.

“వీళ్లవే ఎక్కువున్నయి ఎర్రింకువి” అంది గోద.

తీసినవన్నీ గోనెసంచిలో కుక్కి గేటు దగ్గర పెట్టింది. మర్నాడు ఆమె బడికి వచ్చేసరికి పాత పేపర్ల బండివాడు దాన్ని తీసుకుపోయాడు.

* * *

దీక్షిత్ మర్యాదస్తుడు. కుర్చీ వేస్తే ముందు గోదను కూర్చోమన్నాడు. తన ఎదుట పేర్చిన ఫైళ్లను ఓపికగా తిప్పాడు. “చాలా శుభ్రంగా ఉన్నాయి. మిగతా బడుల్లో ఇంత నీట్‌గా చూడలేదు” అన్నాడు. పక్కనున్న శ్రీపాద ముఖం వెలిగింది.

తర్వాత గోద నీలం ఫైలు తెరిచాడు. కాసేపు చదివి, తల ఎత్తి అడిగాడు.

“పిల్లలు నేర్చుకుంటున్నారని మీకు ఎలా తెలుస్తుందండీ? పరీక్ష మార్కులు కాకుండా.”

గోద వెతుక్కోకుండానే చెప్పింది. పరీక్ష ఒక్క రోజుదనీ, ఆ రోజు జ్వరమొచ్చిన పిల్లకు, కొత్తవాళ్లను చూస్తే బెదిరే పిల్లవాడికి అది న్యాయం చెయ్యదనీ చెప్పింది. మొదటి కాగితమూ చివరి కాగితమూ పక్కపక్కన పెడితే పిల్ల ఎంత దూరం వచ్చిందో అమ్మానాన్నలకూ తెలుస్తుందనీ, ముందు ఆ పిల్లకే తెలుస్తుందనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అవి ఆమె నమ్మిన మాటలే. చెప్పడం అయిపోయాక, బల్ల మీదున్న ఫైళ్లలో మొదటి కాగితాలు లేవన్నది గుర్తొచ్చి చేతులు ఒళ్లోకి లాక్కుంది.

“చాలా బాగా చెప్పారు” అన్నాడు దీక్షిత్. ఏదో రాసుకున్నాడు. తర్వాత రెండు ఫైళ్లు పక్కకు తీశాడు. “ఈ ఇద్దరివి మరీ పల్చగా ఉన్నాయి. షిఫా, మనీష్. ఏడాదంతా వీళ్లు చేసింది ఇంతేనా?”

గోద నోరు తెరిచింది. ఆమెకన్నా ముందే శ్రీపాద అందుకున్నాడు. “వాళ్లు కొంచెం వీకు సార్.”

“మూడు కాగితాలు, రెండు కాగితాలు. ఉన్నవాటిలో కూడా తప్పులున్నాయి. ఇలాగే ఆరో తరగతికి పంపితే పాపం వాళ్లే ఇబ్బంది పడతారు. ఇంకో ఏడాది ఐదులోనే ఉంచుదాం. తల్లిదండ్రులతో మాట్లాడి సంతకాలు తీసుకోండి.” గోద వైపు చూసి నవ్వాడు. “కొత్త కోఆర్డినేటర్‌గా మీ మొదటి పని ఇదే అనుకోండి. ఆర్డరు రెండు మూడు రోజుల్లో వస్తుంది.”

ఆమె లేచి నమస్కారం పెట్టింది. ఆ కాగితాలు తీసేసింది తనేనని చెప్పాలి. ఆయన సంచీ సర్దుకుంటున్నప్పుడు చెప్పొచ్చు అనుకుంది. మెట్లు దిగుతున్నప్పుడు చెప్పొచ్చు అనుకుంది. కారు సందు మలుపు తిరిగింది.

స్టాఫ్‌రూంలో స్రవ్య చాయ్ తెప్పించింది. “ఇగ మీరే మాకు పెద్ద మేడమ్” అని నవ్వింది. గోద కప్పు తీసుకుంది. చాయ్ మీద మీగడ కట్టేదాకా దాన్ని పట్టుకునే కూర్చుంది.

* * *

షిఫా తండ్రి అబ్దుల్ వాహెద్ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మొఘల్‌పురాలో కూలర్లకు గడ్డి కట్టే దుకాణం ఆయనది. ఎండలు ముదురుతున్న రోజులు, ఊపిరాడని పని. చొక్కా మీద, మోచేతుల మీద సన్నటి గడ్డిపోచలు అంటుకుని ఉన్నాయి. దులుపుకుంటూ లోపలికి వచ్చి, వెంట వచ్చిన షిఫాను కుర్చీ మీద కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు.

“కూర్చోండి వాహెద్ భాయ్.”

“పర్వాలేదు మేడమ్, బట్టలకు గడ్డి ఉన్నది.”

గోద విషయం చెప్పింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన సార్ ఫైలు చూశారనీ, పని తక్కువగా ఉందన్నారనీ, ఇంకో ఏడాది ఐదులోనే ఉంటే పాపకు మంచిదన్నారనీ. ‘అన్నారు’ అనే మాట ఎన్నిసార్లు వాడుతోందో ఆమెకే తెలుస్తోంది.

వాహెద్ నేల చూస్తూ విన్నాడు. “దీపావళి ముందు కలిస్తే పాప మంచిగ నేర్చుకుంటుంది అన్నరు కదా మేడమ్ మీరు.”

“అన్న.”

“ఇంట్ల తెలుగు పేపర్ చదివి వినిపిస్తది. మాకు మాట్లాడుడు వస్తది గాని చదువుడు రాదు. కరెక్టుగ చదువుతుందో లేదో మాకేం తెలుసు?” మోచేతి మీది గడ్డిపోచ ఒకటి తీసేశాడు. “సరే. మీరు చెప్తున్నరంటే ఆలోచించే చెప్తరు. ఎక్కడ పెట్టాలె దస్తఖత్?”

గోద కాగితం ఆయన ముందుకు జరిపింది. ఆయన పెన్ను అందుకున్నాడు.

ఇంతలో షిఫా బల్ల మీదున్న తన ఫైలు తీసుకుని తెరిచింది. మొదటి పేజీ చూసింది. వెనక్కి తిప్పి చివరి నుంచి చూసింది. తాడు వదులు చేసి, అట్ట రెండు వైపులా పట్టుకుని దులిపింది. ఏమీ రాలలేదు.

“మేడమ్, నా ఇల్లు బొమ్మ లేదు.”

గోద సంతకం కాగితం అంచు సర్దింది.

“ఉర్దూల పేరు రాసింది. అబ్బూకు చూపెట్టాలె. ముందు నాకు ఏం రాకుండె, ఇప్పుడు ఎంత వస్తుందో చూడు అని చెప్దామనుకున్న.” షిఫా కుర్చీ దిగి బల్ల కిందికి వంగింది. బీరువా పక్కన, చెత్తబుట్ట వెనక చూసింది. “ఎక్కడన్న పడిపోయిందేమో.”

ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని బీరువా కిందికి చెయ్యి పెడుతుంటే గోద లేచి నిలబడింది.

“వెతక్కు బేటా. పడిపోలేదు. నేనే తీసేసిన.”

షిఫా అలాగే ఆగి తల తిప్పి చూసింది. వాహెద్ పెన్ను కాగితానికి కాస్త పైన ఆగింది.

“ఎందుకు తీసిండ్రు మేడమ్?” అన్నాడాయన. గొంతు పెంచలేదు.

“ఫైలు మంచిగ కనపడాలని.”

“ఎవరికి?”

“వచ్చిన సార్‌కు.” గోద ఫైలు తన దగ్గరికి లాక్కుంది. “మీ పాప పని తక్కువ చెయ్యలేదు భాయ్. అందరికన్న ఎక్కువ నేర్చుకుంది. ఆ కాగితాలన్నీ తీసేస్తే మూడే మిగిలినయి. ఆయన ఆ మూడే చూసిండు.”

వాహెద్ కొంతసేపు కూతురి వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు.

“అయితే నేను ఇప్పుడు దస్తఖత్ పెట్టను మేడమ్” అన్నాడు. కూతురి మోకాళ్లకంటిన దుమ్ము దులిపి, చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.

* * *

శ్రీపాద తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

“వాహెద్‌కు చెప్పిండ్రు, అయిపోయింది. నోటితోటి చెప్పిన మాట. దాన్ని కాగితం మీద పెట్టకుండ్రి.”

“దీక్షిత్ సార్‌కు పంపాలె సార్. ఆ ఇద్దరినీ మళ్లొకసారి చూడాలె.”

“మేడమ్, జర ఆలోచించుండ్రి. ఆర్డరు ఇంకా రాలేదు. మీ తర్వాత స్రవ్య మేడమ్ ఉన్నది.” గోద రాసి తెచ్చిన కాగితం చదివాడు. ఒక వాక్యం దగ్గర వేలు ఆపాడు. “నా పేరు ఎందుకు రాసిండ్రు?”

“చెప్పింది మీరు. తీసింది నేను. రెండూ రాసిన.”

“నేను కొట్టివేతలు తీయమన్న. పిల్లలను ఫెయిల్ చేయమన్ననా?” ఆయన గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువగా ఉంది. పెళ్లికెదిగిన పిల్లలున్న మనిషి. వచ్చే ఏడాది రిటైరవుతాడు. గోదకు ఆ సంగతి తెలుసు. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు. “మీరు పంపకపోతే నేనే పంపుత సార్” అంది.

ఆ సాయంత్రం ఆ కాగితం చదివి దీక్షిత్ ఫోన్ చేశాడు. ఎక్కువ మాట్లాడలేదు. శనివారం వస్తాననీ, పిల్లలిద్దరినీ స్వయంగా చూస్తాననీ, అప్పటిదాకా ఆర్డరు ఆపుతున్నాననీ చెప్పాడు. ఫోన్ పెట్టేసే ముందు, “మీరు ఆ రోజు నాతో చెప్పినవన్నీ మీరు నమ్మినవేనా అండీ?” అని అడిగాడు.

“నమ్మినవే సార్.”

తర్వాత ఫోన్ కట్టయింది.

* * *

శనివారం ముందు షిఫాను పిలిచారు. ‘మీ నాన్న చేసే పని గురించి రాయమ్మా’ అన్నాడు దీక్షిత్. షిఫా కాగితం మీదికి వంగిపోయి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని రాసింది. గడ్డిని తడిపి జాలీలో ఎట్లా పరుస్తారో, పల్చగా పరిస్తే గాలి ఎందుకు వేడిగా వస్తుందో రాసింది. లేచి నిలబడి గట్టిగా చదివింది. ఒత్తులు రెండు మూడు చోట్ల తప్పు పోయాయి. దీక్షిత్ ఒక తప్పు చూపిస్తే ఆ పిల్ల తనే దిద్దింది, ఇంకోటి చూపించకముందే పట్టుకుంది.

“జూన్‌లో తెలుగు అక్షరాలు వచ్చేవా నీకు?”

“రాకుండె సార్. నా పేరు గూడ రాకుండె.”

ఆయన తల ఊపాడు. ఆరో తరగతికి అని తన కాగితం మీద రాశాడు. బయట వరండాలో నిలబడ్డ వాహెద్‌కు షిఫానే పరుగెత్తి వెళ్లి చెప్పింది.

మనీష్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

“అమ్మ గురించి రాస్తావా?”

మనీష్ కాగితం వైపు చూశాడు. దీక్షిత్ బూట్ల వైపు చూశాడు. పెన్సిలు ముట్టుకోలేదు. దీక్షిత్ మెత్తగా ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు. పిల్లవాడి చెవులు ఎర్రబడ్డాయి.

“సార్, వాడు ఎవరన్న చూస్తుంటె రాయడు. క్లాసుల కిటికీ దగ్గర ఒక్కడినే కూర్చోబెడత” అంది గోద.

ఆయన ఒప్పుకున్నాడు. గోద మనీష్‌ను తీసుకెళ్లి వాడి చోట్లో కూర్చోబెట్టి, ఎప్పటిలాగే అటు తిరిగి బోర్డు తుడిచింది. బోర్డు మీద ఏమీ లేకపోయినా తుడుస్తూనే ఉంది. వెనక పెన్సిలు చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు అటే పెట్టింది. చాలాసేపటికి తిరిగి చూస్తే కాగితం మీద వాడి పేరు రాసి ఉంది. రబ్బరుతో చెరిపేసి ఉంది కూడా. వాడు కిటికీ బయటికి చూస్తున్నాడు.

“రాస్తడు సార్” అంది గోద ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చి. “జూన్‌ల ఒక్క మాటే రాసిండు. తర్వాత రెండు. ఫిబ్రవరిల ఐదు వాక్యాలు. అందరికీ అది తక్కువే, వాడికి చాలా ఎక్కువ సార్.”

“మీరు అబద్ధం చెప్తున్నారని అనడం లేదు. కానీ నేను ఏం చూసి రాయాలి చెప్పండి? ఆ ఐదు వాక్యాలు చూశాను, వాడు ఎక్కడ మొదలుపెట్టాడో చూపించండి. పాత కాగితం ఒక్కటైనా.”

గోద చేతులు ఖాళీగా ఉన్నాయి. పాత పేపర్ల బండివాడి కోసం ఈ నాలుగు రోజుల్లో సందులన్నీ తిరిగింది. అతను దొరికాడు. సంచి ఆ రోజే మిల్లుకు పోయిందన్నాడు.

దీక్షిత్ ఎదురుచూశాడు. చివరికి మనీష్ పేరు ఎదుట ‘ఐదో తరగతి’ అని రాసి సంతకం పెట్టాడు. కోఆర్డినేటర్ ఆర్డరు మీద స్రవ్య పేరు రాశారు. గోదకు ఐదో తరగతే ఉంచారు.

* * *

మనీష్ తల్లి ఆగమ్మ పూలు అమ్మేది మహంకాళి గుడికి పోయే సందు మొదట్లో. తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోయి పూలు తెచ్చి, పొద్దంతా అమ్ముతుంది. అందుకే శనివారం బడికి రాలేకపోయింది. ఆదివారం పొద్దు వాలే వేళ గోద వెళ్లేసరికి తడి గోనె మీద కనకాంబరాలు పోసుకుని మాల కడుతోంది. మనీష్ వెనక మెట్టు మీద కూర్చుని చామంతుల మీద నీళ్లు చల్లుతున్నాడు. టీచర్ను చూసి లేచి వెనక ఇంట్లోకి వెళ్లిపోయాడు.

“మేడమ్, మీరే వచ్చిండ్రా! ఇట్ల కూసోండ్రి.” ఆగమ్మ చెంగుతో మెట్టు తుడిచింది.

గోద కూర్చుంది. మొదటి నుంచి చెప్పింది. ఏ కాగితాలు తీసిందో, ఎందుకు తీసిందో, మనీష్ అమ్మ గురించి రాసిందీ, వచ్చే ఏడు కూడా ఐదులోనే ఉంటాడన్నదీ చెప్పింది. దారిలో తయారుచేసుకున్న మాటలు ఒకటి రెండున్నాయి. వాటిని వాడలేదు.

ఆగమ్మ చేతులు ఆగలేదు. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు, దారం చుట్టి వేలితో బిగించడం. వినడం అయ్యాక అడిగింది.

“ఆ కాగితాలుంటె మావోడు పైకి పోతుండెనా మేడమ్?”

అవునంటే ఆ తల్లికి ఏడాది పొడుగునా కడుపు మండుతుంది. కాదంటే గోదకు ఇవాళ రాత్రి నిద్ర పడుతుంది. ఆమె తలవంచుకుంది.

“తెల్వదమ్మా. పోతుండెనేమో. ఆ సార్ చూస్తె ఏమంటుండెనో నేను చెప్పలేను. చూడనీయకుండ చేసింది నేను.”

ఆగమ్మ మొదటిసారి చేతులు ఆపింది. ఆమె తిడుతుందనుకుంది గోద. తిడితే బాగుండుననుకుంది. ఆగమ్మ దారం చివర పళ్లతో కొరికి, మాల పక్కన పెట్టింది.

“ఏం రాసిండు వాడు? నా గురించి రాసిండంటిరి.”

“అమ్మ పొద్దున లేస్తది అని. నేను లేచేసరికి ఉండదు అని. ఆమె చేతులు పూల వాసనొస్తయి అని. ఇంకా రెండున్నయి, ఆ కాగితం ఫైల్లనే ఉన్నది. రేపు తెచ్చిస్త.”

ఆగమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఒకామె వచ్చి రెండు మూరలు అడిగితే కొలిచి, ఆకులో చుట్టి ఇచ్చింది. కొన్నామె వెళ్లాక చిల్లర కొంగున ముడేసుకుని అడిగింది.

“వచ్చే జూన్‌ల మళ్ల మీ దగ్గరనే ఉంటడా?”

“నా దగ్గరనే.”

“అయితే ఒక మాట మేడమ్. వాడు రాసిన కాగితం ఏదైన గాని, తప్పుదైన, సగందైన, ఆ రోజుదారోజు నాకియ్యుండ్రి. ఇగ బడిల పెట్టకుండ్రి.” ఆమె గొంతు కటువుగా లేదు, కానీ అందులో బతిమాలడమూ లేదు. “నాకు చదువరాదు. దాచుడైతె వస్తది.”

“ఇస్తనమ్మా” అంది గోద.

ఆగమ్మ ఇంకో పిడికెడు కనకాంబరాలు ఒళ్లోకి తీసుకుంది.